నిద్రపోవడం నేర్పే హిల్మక్క

సారిజార్వి దగ్గర నది గడ్డకట్టిందంటే ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక పని దొరికినట్టే. మంచుతో, ఐసుగడ్డలతో యేటా ఒక హోటల్ కడతాం. కొందరు ఇనప కమానుల మీద మంచు పోస్తారు. అది గట్టిపడ్డాక కొందరు కింద నుంచి కమానుల్ని ట్రాక్టరుతో లాగేస్తారు. కొందరు కిందటి మార్చిలో నదిలో కోసి దాచిన గడ్డల్ని చెక్కి స్తంభాలు నిలబెడతారు. నాది తలుపుల పని. మంచు గోడకి తలుపు బిగించడం చెక్క గోడకి బిగించినట్టు కాదు. గోడ రోజూ కాస్త కాస్త కిందికి దిగుతుంది, తలుపు దిగదు. అందుకని హోటల్ తెరిచిన దగ్గర్నుంచి అది కరిగి నదిలో కలిసేదాకా నేను ఉలి పట్టుకుని గుమ్మాల నెత్తి గీకుతూ తిరుగుతుంటాను.

హిల్మక్కది వీటిలో ఏ పనీ కాదు. ఆవిడ అతిథులకి నిద్రపోవడం నేర్పుతుంది.

పుట్టిన దగ్గర్నుంచీ నిద్రపోతున్న వాళ్ళకి నేర్పేదేముంది అనుకోవచ్చు. మొదట్లో మేమూ అనుకున్నాం. హోటల్ పెట్టిన కొత్తలో లోపలికి వెళ్ళిన ముగ్గురిలో ఒకరు తెల్లారకముందే బయటపడేవారు. నిద్రసంచి భుజాల మీద కప్పుకుని, గొంగళిపురుగు లేచి నడిచినట్టు, పక్కనున్న వెచ్చటి ఇంటికి చేరేవారు. తను వంట చేసే బడి వంటగది మూతపడ్డాక హిల్మక్కకి దొరికిన పని అక్కడే. పారిపోయి వచ్చినవాళ్ళకి లింగన్ అనే ఎర్రటి అడవిపళ్ళ రసం వేడి వేడిగా ఇచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం. ఆవిడ ఎవర్నీ చూసి నవ్వలేదు. గ్లాసు చేతిలో పెట్టి, "ఏం చేశావు నాయనా?" అని అడిగేది. వాళ్ళు చెప్పేవారు.

ఒకాయన జీన్స్ ప్యాంటుతో పడుకున్నాడు. ఒకామె తలస్నానం చేసి తడిజుట్టుతో వెళ్ళింది. మిలిటరీలో పెద్ద హోదా చేసి దిగిన ఒక ముసలాయన తలతో సహా సంచిలో దూరి, తన ఊపిరి చెమ్మకి తనే తడిసి, తనే గడ్డకట్టాడు. కొత్తగా పెళ్ళైన ఒక జంట రెండు సంచుల్ని కలిపి ఒకటి చేసుకున్నారు, మధ్యలో ప్రేమకంటే గాలి ఎక్కువ దూరింది. హిల్మక్క వింటూ పోయింది. ఏళ్ళు గడిచేసరికి ఆవిడ దగ్గర ఒక పాఠం తయారైంది. అందులో ఊహించి చెప్పిన మాట ఒక్కటీ లేదు. ఒక్కో వాక్యం వెనక ఒక్కో వణికిన మనిషి ఉన్నాడు.

సాయంత్రం భోజనాలకి ముందు హాల్లో బల్ల ఎక్కి నిలబడి చెబుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. గొంతు మాత్రం నది అవతల తప్పిపోయిన కుక్కని ఇవతల నుంచి పిలవగల గొంతు.

"ఒంటి మీద పల్చటి ఉన్నిబట్ట ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటే. కాళ్ళకి పొడి మేజోళ్ళు, తలకి టోపీ. మిగతావన్నీ వెచ్చటి ఇంట్లో అల్మారాలో పెట్టి తాళం వేసుకోండి. చలేస్తుందని ఎక్కువ వేసుకుంటే చెమట పడుతుంది, చెమట పడితే చలేస్తుంది. పడుకునేముందు కడుపులోకి వేడిది ఒక గ్లాసు. ఒక్కటే. బయటికి పోయేదాన్ని ముందే పోనివ్వండి, గదిలో దానికి చోటు లేదు. ముక్కూ మూతీ సంచి బయట ఉండాలి. సంచిని నమ్మండి, మిమ్మల్ని మీరు నమ్ముకోకండి."

చివర్లో బల్ల మీదే సంచిలో దూరి చూపించేది. అతిథులు చప్పట్లు కొట్టేవారు. పారిపోయేవాళ్ళు ముగ్గురిలో ఒకరి నుంచి ముప్పైమందిలో ఒకరికి తగ్గారు.

ఆవిడకి ఈ పాఠమంటే ఎందుకంత ప్రాణమో మా ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా వైపు మాట ఖర్చు పెట్టరు. దుకాణంలో ఉప్పు కొన్నాక కూడా మాట్లాడుతూ నిలబడ్డవాణ్ణి చూసి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. హిల్మక్క మొగుడు తూరె అందులోనూ పొదుపరి. 'అవును' అనడానికి నోరు తెరిచి గాలి చప్పున లోపలికి పీలుస్తాడు. 'కాదు' అనడానికి అదీ పీల్చడు. అలాంటి ఇంట్లో పగలంతా నోరు కట్టేసుకున్న మనిషికి సాయంత్రం ఆ అరగంట అన్నం లాంటిది.

ఆ యేడు కొత్త మేనేజరు వచ్చాడు. పేరు యెస్పర్. దేశానికి దక్షిణ కొసనున్న స్కోనె ప్రాంతంవాడు. అక్కడ మంచు పడితే పేపర్లో వేస్తారట. మంచివాడే. వచ్చిన వారంలోనే పార పట్టడం నేర్చుకున్నాడు, అరచేతుల్లో బొబ్బలు చూపించి గర్వపడ్డాడు. హోటల్ తెరవడానికి రెండు మూడు రోజుల ముందు పనివాళ్ళ గుడిసెలో అందరం మా వైపు పద్ధతిలో కాఫీలో జున్నుముక్కలు వేసుకుని నానబెడుతుంటే, కుర్రాడు మాట కలుపుదామని హిల్మక్క వైపు తిరిగాడు.

"హిల్మా గారూ, ఇన్నేళ్ళలో మీకు ఏ గదిలో నిద్ర బాగా పట్టింది?"

"పొయ్యి పక్క గదిలో."

"పొయ్యా? ఇక్కడ పొయ్యి ఎక్కడుందండీ?"

"ఇక్కడ కాదు నాయనా, మా ఇంట్లో."

"నేనడిగేది ఇక్కడి గదుల సంగతి."

"ఇక్కడ నేనెందుకు పడుకుంటాను? నాకు ఇల్లుందిగా."

యెస్పర్ చెంచా కింద పెట్టాడు. "ఒక్కసారి కూడా పడుకోలేదా?"

"ఎవరు పడుకున్నారని? ఎస్కో, నువ్వు పడుకున్నావా?"

లేదన్నాను. కట్టినవాళ్ళం ఎవరమూ పడుకోలేదు. చెప్పులు కుట్టేవాడు కుట్టిన ప్రతి జతా తొడుక్కు చూస్తాడా? మాకది వింతగా తోచలేదు. యెస్పర్‌కి తోచింది.

అప్పటికే హాల్లో ఒక మూల పెద్ద అట్టపెట్టె నిలబెట్టి ఉంది. అందులో గోడకి బిగించే టీవీ తెర. దక్షిణాన ఉన్న హోటల్ కంపెనీవాళ్ళు ఒక సినిమాతార చేత ఎనిమిది భాషల్లో నిద్రపాఠం చెప్పించి పంపారు. దాన్ని విప్పాలా వద్దా అని యెస్పర్ ఊగిసలాడుతున్నాడని మాకు తెలుసు. ఆ మాటతో ఊగడం ఆగిపోయింది.

"ఈత రాని మనిషి గట్టు మీద కూర్చుని ఈత నేర్పుతున్నట్టుందండీ," అన్నాడు, గొంతు మెత్తగానే. "అతిథులకి తెలిస్తే ఏమనుకుంటారు? ఒక పని చేయండి. ఇవాళ రాత్రి పడుకోండి. పొద్దున రసం గ్లాసు వచ్చేదాకా గదిలో ఉండండి. ఉంటే పాఠం మీదే, తెర వెనక్కి పంపేస్తాను. లేకపోతే తెర పెడతాను. నేనూ పక్క గదిలో పడుకుంటాను, మీ పాఠం ప్రకారమే. సరేనా?"

హిల్మక్క మూతి బిగించింది. "ఓస్, ఇంతేనా," అంది. "ఏప్రిల్లో నది మీద బోర్లా పడుకుని చేపలు పట్టినదాన్ని. మీ స్కోనె చలి కాదు నాయనా, నా చిన్నప్పటి చలి."

బల్ల చివర గునెల్ కిసుక్కుమంది. గునెల్ తూరెకి అక్క, హిల్మక్కకి వదిన. నిద్రసంచుల లోపలి గుడ్డలు ఉతకడం, పొద్దున్నే గదిగదికీ రసం మోయడం ఆవిడ పని. ఆ వదినా మరదళ్ళు ఒకరినొకరు పొడుచుకోకుండా కాఫీ తాగిన రోజు నాకు గుర్తులేదు.

"చిన్నప్పుడు బోర్లా పడుకుంటే లేచేదానివి," అంది గునెల్. "ఇప్పుడు లేపడానికి తూరె ట్రాక్టరు తేవాలి."

"నీ నోరు గడ్డకట్టా వదినా, ముందు నువ్వు నా రసం వేడిగా తే."

ఆ సాయంత్రం హిల్మక్క ఇంటికి ఊరంతా కదిలింది. అడవిలోకో నది మీదికో ఎవరైనా చలిలో వెళ్తుంటే ఇంటికొక వెచ్చటి వస్తువు ఇచ్చి పంపడం మా దగ్గర మర్యాద. ఉత్తచేతుల్తో వెళ్తే పరువు తక్కువ. ఒకరు రెండు జతల ఉన్ని లోపలి ప్యాంట్లు తెచ్చారు. ఒకరు మిలిటరీ నుంచి కొట్టుకొచ్చిన కోటు తెచ్చారు. పాస్టరు గారి భార్య మెడకి చుట్టుకునే మూరలకొద్దీ శాలువా పంపింది. నేను తలుపులకి కొట్టగా మిగిలిన రెయిన్‌డీర్ తోలు ముక్కల్ని కుట్టి నడుముకి పట్టీ చేశాను, నాకున్న పనితనమంతా పెట్టి. గునెల్ వాళ్ళ నాన్న చేతితొడుగులు తెచ్చింది. రొట్టెల్లా మందంగా ఉన్నాయి.

"ఇవేసుకుని నాన్న నలభై శీతాకాలాలు నది మీద కూర్చున్నాడు. చలికి పోలేదు."

"మరి దేనికి పోయాడు?"

"అత్తగారింటి మెట్ల మీంచి జారి. చేతితొడుగుల తప్పు కాదది, తొడుక్కో."

గడ్డి కూరిన తోలుబూట్లు తొడిగాం. కోటు మీద కోటు వేశాం. చలికి మందని అయిదారు కప్పుల కాఫీ పోశాం. పాఠం సంగతి మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అది విమానం దిగి వచ్చేవాళ్ళ కోసం. చలి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం. మాకు తెలుసు కదా. మామూలు రోజైతే హిల్మక్కే మొదటి వాక్యం దగ్గర మమ్మల్ని ఆపేసేది. కానీ ఆ పూట ఆవిడ చెప్పే వైపు లేదు, తొడిగించుకునే వైపు ఉంది.

హోటల్ దాకా ఆవిడ నడిచిందనడం కంటే మేము దొర్లించామనడం నిజం. నేను బిగించిన గుమ్మంలో ఎదురుగా పట్టక పక్కకి తిరిగింది. ఐసుగడ్డ మంచం మీద తోలు, తోలు మీద నిద్రసంచి, సంచిలోకి హిల్మక్క. జిప్పు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. తూరె లాగాడు, నేను నొక్కాను, గునెల్ మోకాలు మోపి పాల్ట్ చేసేటప్పుడు బంగాళాదుంప ముద్దలోకి పంది మాంసం కూరినట్టు కూరింది. చివరికి జిప్పు గడ్డం దాకా ఎక్కింది. ముఖం కూడా కనబడలేదు, శాలువా మాత్రమే కనబడింది.

"ఊపిరాడుతోందా?" అడిగాను.

శాలువా లోపల నుంచి ఏదో వచ్చింది.

"ఆడుతోందంట," అంది గునెల్. "పదండి."

పక్క గది దగ్గర యెస్పర్ పల్చటి ఉన్నిబట్టతో, టోపీతో, మేజోళ్ళతో చలికి ఎగురుతూ నిలబడ్డాడు. మిగతావన్నీ అల్మారాలో పెట్టి తాళం వేసి వచ్చాడు. "ఒక గ్లాసు రసం తాగాను, బాత్రూముకీ వెళ్ళొచ్చాను," అని పిల్లాడు లెక్క అప్పచెప్పినట్టు చెప్పి సంచిలో దూరాడు. అతన్ని చూస్తే మాకు జాలేసింది.

"పాపం, ఎవరు కన్న బిడ్డో," అంది గునెల్. వెచ్చటి ఇంట్లో అతని కోసం దుప్పటి పరిచింది, కెటిల్ పొయ్యి మీదికి ఎక్కించింది. ఇద్దరం కూర్చుని ఎదురుచూశాం.

తలుపు తెరుచుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గునెల్ దుప్పటి పట్టుకుని లేచింది. లోపలికి వచ్చింది యెస్పర్ కాదు. ఉడికిన బంగాళాదుంపని చలిలోకి తెస్తే ఎలా పొగలొస్తాయో అలా పొగలు కక్కుతూ హిల్మక్క వచ్చింది. ఒక బూటు లేదు. ఒక కోటు చెయ్యి తొడిగి ఉంది, ఒకటి వేలాడుతోంది. శాలువా అంచున ఊపిరి గడ్డకట్టి తెల్లటి గడ్డంలా నిలబడింది.

గునెల్ గ్లాసు నింపి చేతికిచ్చింది. "ఏం చేశావు తల్లీ?" అని అడిగింది.

హిల్మక్క ఒక్కసారి చూసింది గానీ తిట్టడానికి ఓపిక లేదు. "మొదట స్వర్గంలా ఉందొదినా," అంది పళ్ళు కొట్టుకుంటుంటే. "కాసేపటికి రొట్టెల పొయ్యిలో పెట్టినట్టైంది. చెమట ధారలు. ఒక కోటు విప్పుదామంటే జిప్పు కదల్లేదు. పడుకునే దొర్లి దొర్లి ఒకటి సగం విప్పాను. అంతే, తడిసిన ఉన్నిబట్టలన్నీ ఐసైపోయాయి. ఈలోపు మీరు పోసిన కాఫీ గుర్తొచ్చింది. ఒక బూటు సంచిలోనే వదిలేసి పైనుంచి పాకి బయటపడ్డాను. ఇన్ని పొరలు విప్పి అక్కడిదాకా వెళ్ళేలోపు..." అని ఆగింది. "వెళ్ళాన్లే. సరిగ్గా టైముకే వెళ్ళాను."

"నాన్న చేతితొడుగులు?"

"చేతులొక్కటే చల్లబడలేదు. నువ్వు సంతోషించు."

"వెళ్ళిరావడం తప్పు కాదక్కా," అన్నాను. "మళ్ళీ వెళ్ళి పడుకుంటే చాలు. రసం రావడానికి చాలా టైముంది."

"వెళ్తాను. ఈ గుక్క తాగి వెళ్తాను," అంది. బెంచీ మీదికి ఒరిగింది. లేపి చూశాం. భుజం కుదిపాం. గురకే జవాబు.

యెస్పర్ రాలేదు. తెల్లారుగట్ల గునెల్‌కి భయం పట్టుకుంది. రసం ట్రే పట్టుకుని, ప్రార్థన చేసుకుంటూ వెళ్ళింది. వచ్చి, "బతికే ఉన్నాడు," అంది, కాస్త నిరాశగానే. "మూడుసార్లు పిలిస్తే గానీ కళ్ళు తెరవలేదు. బుగ్గలు చూడు, కాల్చిన ఆపిళ్ళలా ఉన్నాయి."

ఆపిల్ బుగ్గలేసుకుని యెస్పర్ వచ్చేసరికి హిల్మక్క బెంచీ మీద లేచి కూర్చుంది. ఆవిడ చుట్టూ నేల మీద ఊరంతటి బట్టలు తడితడిగా పడి ఉన్నాయి. అతను చూశాడు, అర్థం చేసుకున్నాడు, బాధపడ్డాడు.

"నేను మీరు చెప్పినట్టే చేశానండీ," అన్నాడు. "ఒక్కటీ వదల్లేదు."

"ఏం చెప్పాను నేను?"

అతను చెప్పాడు. పల్చటి బట్ట ఒక్కటి, పొడి మేజోళ్ళు, ముక్కూ మూతీ బయట, ఒక్క గ్లాసు, ఎక్కువ వేస్తే చెమట, చెమట పడితే చలి. చివరి మాట దాకా చెప్పాడు. హిల్మక్క తల ఒక పక్కకి వాల్చి, వేరే ఊరి సంగతులు వింటున్నట్టు వింది.

"ఇవన్నీ నేనే చెప్పానా?"

"ఏళ్ళ తరబడి చెబుతున్నావు," అంది గునెల్. "ఊళ్ళో కుక్కలక్కూడా వచ్చు."

"మంచి పాఠమే," అంది హిల్మక్క నెమ్మదిగా. తర్వాత యెస్పర్ వైపు చూసింది. "మాట మాటే నాయనా. నేను ఓడిపోయాను. తెర ఎప్పుడు పెడతావు?"

అతను నావైపు చూశాడు. గడ్డగోడకి బరువైనది బిగించడం గంటలో అయ్యే పని కాదు. బెజ్జం తొలిచి, చెక్క మేకు దూర్చి, చుట్టూ నీళ్ళు పోసి, ఒక రాత్రి గడ్డకట్టనివ్వాలి. తొందరపడితే తెర, గోడ ముక్క, రెండూ కలిసి కింద పడతాయి. "మేకులు ఇవాళ దిగ్గొడతాను. తెర తగిలించేది రేపు మధ్యాహ్నమే," అన్నాను. అతిథుల బస్సు వచ్చేది కూడా రేపు సాయంత్రానికే.

"అయితే ఇంకో రాత్రి ఉంది," అంది హిల్మక్క. "ఇవాళ అతిథిలా వెళ్తాను. ఎవరైనా నాకు పాఠం చెప్పండి. నిన్న నాకెవరూ చెప్పలేదు."

యెస్పర్ ఆలోచించాడు. "పొద్దున దాకా ఉంటే తెర పెట్టెలోనే ఉంటుంది," అన్నాడు. "కానీ పాఠం ఎవరు చెబుతారు?"

అందరం అతని వైపే చూశాం. ఆచరించి చూసిన మనిషి ఊళ్ళో అతనొక్కడే.

ఆ సాయంత్రం హాల్లో అతిథుల బెంచీ మీద హిల్మక్క ఒక్కతే కూర్చుంది. వెనక గోడ పొడుగునా ఊరివాళ్ళం నిలబడ్డాం. ఇలాంటిది టికెట్టు పెట్టినా దొరకదు. యెస్పర్ బల్ల ఎక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. హిల్మక్క మొదట్నుంచీ చెయ్యెత్తే ఉంచింది.

"ఒక్కటే బట్ట అంటున్నావు. నేను పెద్దదాన్ని. రెండు వేసుకోకూడదా?"

"కూడదండీ. చెమట పడుతుంది."

"నాకు పట్టదేమో."

"నిన్న పట్టింది," అన్నారు వెనక నుంచి.

"రాత్రి ఒంటికొచ్చి మెలకువొస్తే?"

"బూట్లు వేసుకుని వెచ్చటి ఇంటికి వెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ వచ్చి సంచిలో దూరాలి. బెంచీ మీద కూర్చోకూడదు." చివరి వాక్యం పాఠంలో లేదు, కుర్రాడే కలిపాడు. హిల్మక్క అది గమనించి తల ఊపింది. పనికొచ్చే మాటని ఆవిడ ఎప్పుడూ వదులుకోదు.

వెచ్చటి ఇంట్లో, బట్టలు విప్పి అల్మారాలో పెట్టే దగ్గర గునెల్ నిలబడింది. పల్చటి ఉన్నిబట్టలో మరదల్ని చుట్టూ తిరిగి చూసి, పొట్ట దగ్గర తట్టింది.

"ఇదేంటి?"

"పొట్ట."

"పొట్టకి బొటనవేలుంటుందా?" అని లోపలికి చెయ్యి పెట్టి నాన్న చేతితొడుగుల్ని బయటికి లాగింది.

"అలవాటొదినా," అంది హిల్మక్క. మారు మాట లేకుండా ఇచ్చేసింది.

గది దాకా ఆవిడ పరిగెత్తింది. హిల్మక్క పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. చూసినవాళ్ళు చెప్పుకోవడానికి మాటలు వెతుక్కోవాలి. సంచిలో దూరింది, జిప్పు ఒక్క లాగులో గడ్డం దాకా వచ్చింది. తూరె గుమ్మం దగ్గర నిలబడి పెళ్ళాం వైపు చూశాడు. నోరు తెరిచాడు. గాలి పీలుస్తాడనుకున్నాం.

"ముక్కు బయట పెట్టుకో," అన్నాడు.

నాకు తెలిసి ఆ యేడు అతను అన్న మాటల్లో అదే పొడుగైనది. హిల్మక్క కాసేపు అతన్నే చూసి, ముక్కు సరిచేసుకుంది.

రాత్రంతా వెచ్చటి ఇంటి తలుపు తెరుచుకోలేదు. పొద్దున గునెల్ రసం తీసుకుని వెళ్ళింది, ట్రేతో తిరిగి వచ్చింది. గ్లాసు నిండుగానే ఉంది.

"లేవదంట. 'తర్వాత తాగుతాను, పో వదినా' అంది. కళ్ళు కూడా తెరవలేదు."

"రసం వచ్చేదాకా ఉంది కదా," అన్నాను. "గెలిచినట్టేగా?"

"గెలిచింది. ఆ గెలుపు సంగతి నిద్ర లేచాక చెబుదాం."

యెస్పర్ నవ్వాడు. పడుకోనివ్వండి, బస్సు సాయంత్రానికి కదా అన్నాడు. మేమంతా ఎవరి పనుల్లోకి వాళ్ళం పోయాం. మంచుతుఫాను వస్తోందని విమానం ముందే బయల్దేరిందన్న కబురు మాత్రం మాకు చేరలేదు. ఈ కాలంలో మాకు పగలంటే ఉండే కాసేపటి నీలం వెలుగు ఇంకా పోకముందే, మధ్యాహ్నమే బస్సు వచ్చి గుమ్మంలో ఆగింది. నలభైమంది దిగారు. ఆపేవాళ్ళు లేరు, పగటిపూట గదులన్నీ చూడ్డానికి తెరిచే ఉంటాయి. స్తంభాలు చూశారు, దీపాలు చూశారు, గోడల మీద చెక్కిన చేపలు చూశారు. హిల్మక్క గది దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

నేను ఉలితో అక్కడికి చేరేసరికి మంచం చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడి ఉన్నారు. మంచం మీద నుంచి ట్రాక్టరు ఎత్తు ఎక్కుతున్న చప్పుడు లాంటి గురక వస్తోంది. ఇది కూడా శిల్పంలో భాగమేమో అని ఒకతను కెమెరా ఎత్తాడు.

కెమెరా వెలుగుకి హిల్మక్క కళ్ళు తెరిచింది. చుట్టూ నలభై ముఖాలు. ఇంకెవరైనా అయితే కెవ్వుమనేవారు. ఆవిడ ఒక్కసారి కళ్ళు ఆర్పి, ముఖాలన్నీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చూసి, "అందరూ వచ్చారా?" అంది. "దగ్గరికి రండి. వెనక వాళ్ళకి వినబడుతోందా?"

సంచిలో నుంచే మొదలుపెట్టింది. తల ఒక్కటి బయట, టోపీ ఒక పక్కకి జారి ఉంది. ఒక్కటే బట్ట ఎందుకో చెప్పింది. రెండు కోట్లు, గడ్డి బూట్లు, నడుముకి తోలుపట్టీ వేసుకుని పడుకున్న ఒక తెలివైన ఆడమనిషికి మొన్న ఏం జరిగిందో చెప్పింది. ఆ ఆడమనిషి ఎవరో చెప్పలేదు గానీ బూటు పోయిన సంగతి దగ్గర అందరికీ తెలిసిపోయింది. నలభైమంది నవ్వుకి పైన చూరు నుంచి మంచుపొడి రాలింది.

ముందు వరసలో ఒక సన్నటి ముసలావిడ, "నిజంగా చలి వెయ్యదా?" అని అడిగింది. ఆవిడ పెదవులు బస్సు దిగినప్పటి నుంచీ వణుకుతూనే ఉన్నాయి.

హిల్మక్క జిప్పు కాస్త దించి చెయ్యి బయటికి చాపింది. "పట్టుకు చూడమ్మా."

ముసలావిడ తొడుగు తీసి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. "పొయ్యిలా ఉంది," అని పక్కవాళ్ళకి చెప్పింది. తర్వాత అందరూ వరసకట్టారు. పెళ్ళిలో దీవెనలకి వచ్చినట్టు ఒక్కొక్కరే వచ్చి ఆ చెయ్యి పట్టుకుని పోయారు.

యెస్పర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, క్షమాపణలు నోట్లో పెట్టుకుని. గుమ్మంలో ఆగి చూశాడు. కాసేపటికి నా చెవిలో, "హాల్లో ఆ మేకులు పీకేయగలవా?" అన్నాడు.

"గడ్డకట్టాయి. ఇంక వసంతంలోనే."

"అయితే ఉండనీ. టోపీలు తగిలించుకుంటారు." వెళ్ళి తెర ఉన్న అట్టపెట్టె మీద వెనక్కి పంపే అడ్రసు రాశాడు.

పాఠం మాత్రం అవ్వడం లేదు. మామూలుగా అరగంట. ఇవాళ ముక్కు సంగతి అయిపోయింది, మేజోళ్ళ సంగతి అయిపోయింది, రెయిన్‌డీర్ తోలు ఏ వైపు పైకి ఉండాలో అయిపోయింది, ఇప్పుడు బడి వంటగదిలో సూపు ఎలా కాచేదో చెబుతోంది. నలభైమంది కదలకుండా వింటున్నారు. ఆవిడ ఆపకపోవడానికి కారణం నాకు అర్థమైంది. సంచిలో ఉన్నది పల్చటి ఉన్నిబట్ట. బట్టలు వెచ్చటి ఇంట్లో ఉన్నాయి. పరాయి మనుషులు నలభైమంది ఎదురుగా లేచి నిలబడటం హిల్మక్క వల్ల కాదు, వాళ్ళు పోయేదాకా మాట ఆపడమూ కుదరదు.

వెనక గునెల్ ఉంది. చేతిమీద హిల్మక్క ప్యాంటు, స్వెటరు, కోటు మడత పెట్టి పట్టుకుని, గోడకి ఆనుకుని, తీరిగ్గా.

"వదినా," అంది హిల్మక్క సూపు మధ్యలో, నవ్వు చెరగకుండా, మా ఇంటి భాషలో. "ఎంతసేపైంది వచ్చి?"

"నువ్వు మేజోళ్ళ దగ్గరున్నప్పుడు."

"మరి ఇవ్వవే?"

"బాగా చెబుతున్నావే," అంది గునెల్. "నేనెప్పుడూ మొదట్నుంచి వినలేదు. కానియ్యి, ఆ సూపులో ఉప్పు ఎప్పుడు వేస్తావో చెప్పు."